అదను దాటాక విత్తనం పంపితే ఏం లాభం? దాత దేశాలకు, సహాయ సంస్థలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన దాత దేశాల ప్రభుత్వ పెద్దలకు, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ, మానవతా సహాయ సంస్థల బాధ్యులకు, విపత్తు నిధుల ఫైళ్ల మీద సంతకం చేసే అధికారులందరికీ,

నమస్కారం.

కరువు, వరద, యుద్ధం మీద పడ్డ చోట కోట్ల మందికి మీరు తిండి పంపుతున్నారు. ఆ బియ్యం, పిండి, నూనె ఎన్నో ప్రాణాలు నిలబెట్టాయి. అందుకు కృతజ్ఞతలు. ఆ పనిలో తప్పులు వెతకడానికి ఈ లేఖ రాయడం లేదు. దాని పక్కనే జరగాల్సిన మరో పని ఏటా వాయిదా పడుతోంది. రైతు సంఘాలు అడిగాయి, పశువుల కాపరులు అడిగారు, మీ సంస్థల్లోనే పనిచేసే వ్యవసాయ నిపుణులు నివేదికల మీద నివేదికలు రాశారు. అయినా నిధులు పంచే రోజున ఆ పని జాబితాలో అడుగునే ఉంటోంది. అందుకే నలుగురికీ తెలిసేలా రాయాల్సి వస్తోంది.

మేం అడుగుతున్నది ఇంతే. విపత్తులో చిక్కిన రైతుకు తిండి గింజలతో పాటు విత్తన గింజలు కూడా ఇవ్వండి. పశువులకు మేత, నీరు, టీకా ఇవ్వండి. అవి అదను దాటకముందే చేర్చండి.

2025లో వెలువడిన ప్రపంచ ఆహార సంక్షోభాల నివేదిక ప్రకారం 2024లో 53 దేశాలు, ప్రాంతాల్లో 29.5 కోట్ల మందికి పైగా తీవ్రమైన ఆకలిలో ఉన్నారు. ఈ సంఖ్య పెరగడం వరుసగా అది ఆరో ఏడాది. వీళ్లలో ఎక్కువమంది పల్లె జనం. పొలమో, పశువో, చేపల వలో, పక్కవాళ్ల చేలో కూలో వాళ్లకు ఆధారం. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) లెక్కలో ఇలాంటివాళ్లు సుమారు 80 శాతం. ఆహార రంగానికి వచ్చే అత్యవసర నిధుల్లో సాగును, పశువులను నిలబెట్టడానికి వెళ్తున్నది మాత్రం దాదాపు 5 శాతమేనని అదే సంస్థ చెబుతోంది. ఆకలితో ఉన్న ప్రతి అయిదుగురిలో నలుగురు తిండి పండించే పనిలోనే ఉంటే, ఆ పనికి నూటికి అయిదు రూపాయలు కూడా సరిగ్గా అందడం లేదన్నమాట.

దీని గురించి అడిగినప్పుడల్లా వచ్చే జవాబు ఒకటుంది. సాగుకు ఇచ్చేది అభివృద్ధి పద్దు కిందికి వస్తుందట, అత్యవసర పద్దు ప్రాణాలు కాపాడడానికేనట. కార్యాలయాల్లో పద్దులు వేరువేరుగా ఉండొచ్చు. పంట పోయిన ఇంట్లో అలా ఉండవు. ఈ నెల తిండి ఎలా అన్న బెంగ, వచ్చే నెల విత్తడం ఎలా అన్న టెన్షన్ ఒకే మనిషికి, ఒకే రాత్రి ఉంటాయి.

ఆలస్యం ఎలా జరుగుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. అయినా వరసగా రాస్తే అందరికీ అర్థమవుతుంది. వానలు తప్పాయని తెలిసిన కొన్ని వారాలకు అంచనా బృందం బయల్దేరుతుంది. నివేదిక తయారవుతుంది. విజ్ఞప్తి వెలువడుతుంది. దాతల సమావేశం జరుగుతుంది. ఇస్తామన్న మాటకూ డబ్బు ఖాతాలో పడటానికీ మధ్య ఒప్పంద పత్రాలు నడుస్తాయి. ఆ తర్వాత టెండర్, కొనుగోలు, మొలక పరీక్ష, దిగుమతి అనుమతి, ఓడరేవు, గోడౌన్, లారీ. ఇందులో ఏ ఒక్కరూ కావాలని ఆపింది ఉండదు. ఎవరి మెట్టు దగ్గర వాళ్లు నిబంధన ప్రకారమే నడుచుకుంటారు. తీరా విత్తనాల బస్తా ఊరికి చేరేసరికి, ఎలాగోలా అప్పుతెచ్చి విత్తుకున్నవాడి చేను మోకాలెత్తు పెరిగి ఉంటుంది. విత్తుకోలేనివాడి నేల బీడుగా ఉంటుంది. అప్పుడు ఇచ్చిన విత్తనాన్ని ఆ రైతు ఏం చేయాలి? తింటాడు, లేదా అమ్ముకుంటాడు. మందు పట్టించిన విత్తనమైతే తినడం ప్రాణానికే ముప్పు. ఆ తర్వాత మీ నివేదికలో "విత్తనాలు పంపిణీ చేశాం" అన్న వరుస మాత్రం నిండుతుంది.

దీనివల్ల మామూలు కుటుంబాలకు ఏం జరుగుతోందో ఒక్కొక్కటిగా మీ ముందు పెడుతున్నాను.

1. విత్తనం కుండలోకి వెళ్తుంది.

పంట పోయిన ఇంట్లో మొదట మూడు పూటలు రెండవుతాయి, తర్వాత ఒకటవుతుంది. పెద్దవాళ్లు తమ వాటా పిల్లలకు మళ్లిస్తారు. చిన్నాచితకా సామాను అమ్ముతారు. అన్నీ అయ్యాక, పురుగు పట్టకుండా బూడిద కలిపి అటక మీద దాచిన గింజల మూట కిందికి దిగుతుంది. బూడిద పోయేదాకా రెండు మూడు నీళ్లు మార్చి కడిగి, పొయ్యి మీద పెడతారు. ఆ గింజలు ఆ ఇంటికి మహా అయితే కొన్ని రోజులు సరిపోతాయి. అవే నేలలో పడితే ఏడాది గడిచేది. ఆ సంగతి వండే మనిషికి అందరికంటే బాగా తెలుసు. పిల్లల ఆకలి ముందు ఇంకో దారి లేక వండుతుంది.

ఏడాదికి ఒక్క వానకాలమే ఉండే చోట ఆ అదను పోతే మళ్లీ పంట చూసేది పన్నెండు నెలల తర్వాతే. అంటే మీరు కూడా ఆ ఇంటికి మరో ఏడాది తిండి పంపాలి. అఫ్గానిస్తాన్‌లో ఎఫ్ఏఓ గోధుమ రైతులకు ధ్రువీకరించిన విత్తనం, ఎరువు కలిపి ఇచ్చే సాయానికి కుటుంబానికి 150 నుంచి 160 డాలర్ల దాకా అవుతుంది. దాంతో ఒక కుటుంబం ఏడాదికి సరిపడా గోధుమ పండించుకోగలదు. అదే కుటుంబానికి ఏడాది పొడవునా తిండి మోయాలంటే దానికి ఎన్నో రెట్లు ఖర్చవుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఆకలితో ఉన్న ఇంటికి విత్తనం ఒక్కటే ఇచ్చి రావడం కూడా సరికాదు. అది కూడా కుండలోకే వెళ్తుంది. విత్తిన రోజు నుంచి పంట చేతికొచ్చేదాకా తిండి ఇవ్వాలి, విత్తనమూ ఇవ్వాలి. రెండూ ఒకే వారంలో అందాలి. తిండి ఒక సంస్థ ఒక నెలలో, విత్తనం మరో సంస్థ మరో నెలలో పంచితే రెండింటి ఫలితమూ సగమైపోతుంది.

2. పశువు పోతే పాలు పోతాయి, పాలు పోతే పిల్లలు పోతారు.

ఆఫ్రికా కొమ్ము ప్రాంతంలో 2020 చివరి నుంచి వరుసగా అయిదు వానకాలాలు తప్పాయి. ఇథియోపియా, కెన్యా, సోమాలియాల్లో కలిపి కోటీ 30 లక్షలకు పైగా పశువులు చనిపోయాయి. ఈ సంఖ్యను పశునష్టంగా మాత్రమే చదివితే విషయం సగమే అర్థమవుతుంది. సంచార కాపరుల ఇంట్లో చిన్నపిల్లలకు బలమైన తిండి అంటే పాలే. కరువులో మంద మేత కోసం దూరం వెళ్లిపోతుంది, తల్లీపిల్లలు ఊరి దగ్గర మిగిలిపోతారు. ఇథియోపియాలోని సోమాలి ప్రాంతంలో ఒక ప్రయత్నం జరిగింది. పాలిచ్చే కొన్ని పశువులను ఇంటి దగ్గరే ఉంచి వాటికి మేత, దాణా అందించారు. పాలు తాగే పిల్లల పోషణ స్థితి కరువులోనూ దిగజారకుండా నిలబడిందని ఆ అధ్యయనంలో తేలింది.

కరువు ముదిరేకొద్దీ అంగట్లో ఏం జరుగుతుందో కూడా చూడండి. అందరూ ఒకేసారి మేకల్ని అమ్మకానికి తోలుకొస్తారు. ఎముకలు తేలిన మేకకు ధర పలకదు. గింజల ధర మాత్రం వారం వారం పెరుగుతుంది. నిరుడు ఒక మేక అమ్మి తెచ్చుకున్నన్ని గింజల కోసం ఈ ఏడు మూడు నాలుగు మేకల్ని తెగనమ్ముకోవాలి. మంద అలా కరిగిపోయాక వానలు బాగా పడ్డా ఆ ఇల్లు కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది.

ముందే మేత ఇస్తే ఎంత మిగులుతుందో మీ సంస్థలే లెక్కగట్టాయి. 2017 కరువు సమయంలో కెన్యాలో పశువులను కాపాడటానికి పెట్టిన ప్రతి డాలరుకూ మూడున్నర డాలర్ల మేలు జరిగిందని ఎఫ్ఏఓ అధ్యయనం చెప్పింది. మంగోలియాలో పశువుల్ని మందలు మందలుగా చంపే కఠిన శీతకాలాన్ని జుడ్ అంటారు. 2017-18లో అది రాకముందే దాణా, పోషక మందులు పంచితే డాలరుకు 7 డాలర్లకు పైగా ఫలితం వచ్చింది. ఇంత స్పష్టమైన లెక్క చేతిలో పెట్టుకుని కూడా, కళేబరాల ఫొటోలు వార్తల్లోకి వచ్చేదాకా మేతకు నిధులు ఎందుకు కదలవో మాకు అర్థం కావడం లేదు.

3. హెచ్చరిక ముందే వస్తుంది, డబ్బు శవాల తర్వాత వస్తుంది.

మాట కటువుగా ఉంటే మన్నించండి. సోమాలియాలో 2011 జూలై 20న ఐక్యరాజ్యసమితి క్షామం ప్రకటించింది. వానలు తప్పబోతున్నాయని, పరిస్థితి చేయి దాటబోతోందని 2010లోనే హెచ్చరికలు వచ్చాయి. 2010 అక్టోబరు నుంచి 2012 ఏప్రిల్ మధ్య సుమారు 2 లక్షల 58 వేల మంది చనిపోయారని 2013లో వచ్చిన అధ్యయనం తేల్చింది. వాళ్లలో సగానికి పైగా అయిదేళ్లలోపు పసివాళ్లు. "మళ్లీ ఇలా జరగనివ్వం" అని అప్పుడు చాలామంది అన్నారు. 2022లో అదే దేశంలో క్షామం ప్రకటించాల్సిన అవసరం రాలేదు. సాయం పెరగడం వల్లే ఆ గండం తప్పింది, నిజమే. అయినా ఆ ఒక్క ఏడాదిలో దాదాపు 43 వేల అదనపు మరణాలు జరిగి ఉంటాయని అంచనా వేశారు. క్షామం అన్న ప్రకటన కోసం ఎదురుచూడటమే పెద్ద ప్రమాదం. ఆ ప్రకటన వెలువడే నాటికి మరణాలు అప్పటికే మొదలై ఉంటాయి.

ఈ విషయంలో కొత్త దిగులు కూడా ఒకటి వచ్చింది. అమెరికా 2025 జనవరిలో విదేశీ సాయాన్ని ఆపేసినప్పుడు, నాలుగు దశాబ్దాలుగా క్షామాల గురించి ముందస్తుగా చెబుతూ వచ్చిన ఫ్యూస్ నెట్ వ్యవస్థ కూడా నెలల పాటు మూతపడింది. తర్వాత మళ్లీ మొదలైంది. కానీ ఒక దేశ రాజధానిలో జరిగిన నిర్ణయంతో లోకానికంతటికీ కరువు కబురు ఆగిపోవడం ఎంత ప్రమాదకరమో అందరికీ తెలిసొచ్చింది.

4. పనికిరాని విత్తనం రైతు ఏడాదిని తినేస్తుంది.

విత్తన సాయం అంటే ఎక్కడి నుంచో ఓడలో బస్తాలు తెప్పించడమే అనుకునే అలవాటు ఇంకా పోలేదు. ఆఫ్రికాలోని అయిదు దేశాల్లోనూ హైతీలోనూ చిన్న రైతుల విత్తనాలు ఎక్కడి నుంచి వస్తాయో పరిశీలించిన అధ్యయనం 2016లో వచ్చింది. 90 శాతం విత్తనం రైతుల సొంత నిల్వ, ఇరుగుపొరుగు, స్థానిక సంత వంటి దారుల్లోనే వస్తోందని, మొత్తంలో సగం దాకా సంతల నుంచేనని అది చూపించింది. విపత్తు తర్వాత కూడా చాలా చోట్ల సంతలో గింజలుంటాయి. కొనడానికి రైతు చేతిలో డబ్బు ఉండదు. అలాంటి చోట ఓడలో తెచ్చిన బస్తా వల్ల ఒరిగేది తక్కువ, పైగా స్థానికంగా విత్తనం అమ్ముకుని బతికే చిన్నవాళ్ల బేరం దెబ్బతింటుంది.

హైతీలో 2010 జనవరి భూకంపం తర్వాత ఒక బహుళజాతి కంపెనీ హైబ్రిడ్ మొక్కజొన్న, కూరగాయల విత్తనాలు 475 టన్నులు ఉచితంగా ఇస్తామంది. అదే ఏడాది జూన్‌లో వేలాది రైతులు దానికి వ్యతిరేకంగా ఊరేగింపు తీశారు. ఉచితంగా ఇస్తే వద్దంటారేమిటని కొందరు ఆశ్చర్యపోయారు. హైబ్రిడ్ పంట గింజల్ని దాచి మళ్లీ విత్తితే అదే దిగుబడి రాదు. వచ్చే ఏడు మళ్లీ కొనాలి. తమ నేలకు అలవాటైన రకాల్ని వదులుకుని ఆ చక్రంలో పడటానికి వాళ్లు ఇష్టపడలేదు. నా అభిప్రాయంలో వాళ్ల భయం పూర్తిగా న్యాయమైనది. హైబ్రిడ్ ఎక్కడా వద్దని నేను అనను. నీరు, ఎరువు, మళ్లీ కొనే స్తోమత ఉన్నచోట రైతే కోరుకుంటాడు. సర్వం పోగొట్టుకున్నవాడి ముందు మాత్రం అదొక్కటే పెట్టి తీసుకోమనడం సాయం అనిపించుకోదు.

మొలక సంగతి కూడా చెప్పాలి. ఏ పల్లెలోనైనా అనుభవమున్న రైతు వంద గింజలు లెక్కపెట్టి, తడిగుడ్డలో చుట్టి, నీడన పెట్టి, కొన్ని రోజులకు విప్పి ఎన్ని మొలిచాయో చూసుకుంటాడు. ఎనభై మొలిస్తే ధైర్యంగా విత్తుతాడు, యాభై మొలిస్తే వదిలేస్తాడు. ఇంత సులువైన పరీక్ష కూడా లేకుండా, తేమ పట్టిన గోడౌన్‌లో నెలలు గడిపిన విత్తనాన్ని పంచిన సందర్భాలు ఉన్నాయి. దుక్కి దున్ని, కూలి పెట్టి, పడ్డ ఒక్క వానకు విత్తి, పది రోజులు నేల వంక చూసి ఏమీ రాకపోతే ఆ రైతు నష్టానికి బాధ్యులెవరు? ఏ ఒప్పంద పత్రంలోనూ దానికి జవాబు లేదు.

5. యుద్ధంలో పొలమే గురి అవుతోంది.

సూడాన్‌లో 2023 ఏప్రిల్ 15న యుద్ధం మొదలైంది. ఆ ఏడాది ఆ దేశంలో గింజధాన్యాల దిగుబడి 41 లక్షల టన్నులకు, అంటే అంతకుముందు ఏటితో పోలిస్తే 46 శాతం తక్కువకు పడిపోయింది. డిసెంబరులో పోరు దేశపు ధాన్యాగారమైన జజీరాలోకి ప్రవేశించింది. 2024 ఆగస్టులో డార్ఫర్‌లోని జంజం శిబిరంలో క్షామం నిర్ధారణ అయింది. అంత కల్లోలంలో కూడా ఎఫ్ఏఓ జొన్న, సజ్జ, బెండ వంటి విత్తనాలను వేల టన్నుల్లో రైతులకు చేర్చగలిగింది. అంటే యుద్ధం జరుగుతోంది కాబట్టి సాగు సాయం కుదరదన్న మాట నిలవదు. దారి దొరికినప్పుడు సరుకు సిద్ధంగా ఉందా అన్నదే అసలు సంగతి.

గాజాలో 2025 జూలై చివరి నాటికి పాడవకుండా, రైతు వెళ్లగలిగేలా ఉన్న సాగుభూమి 1.5 శాతమేనని ఉపగ్రహ చిత్రాల ఆధారంగా తేల్చారు. ఆ తర్వాతి నెలలోనే అక్కడ క్షామం నిర్ధారణ అయింది. ఉక్రెయిన్‌లో 2023 జూన్ 6న కఖోవ్కా ఆనకట్ట కూలిపోయి దక్షిణాదిన కాలువల కింది సాగు దెబ్బతింది. మందుపాతరలున్న చేలల్లో ట్రాక్టర్ దించాలంటే ప్రాణాల మీద ఆశ వదులుకోవాలి.

చట్టం లేక ఇదంతా జరగడం లేదు. పంటలు, పశువులు, సాగుభూములు, తాగునీటి ఏర్పాట్లు, సాగునీటి కట్టడాలు వంటి జనం బతకడానికి తప్పనిసరైన వాటిపై దాడి చేయకూడదని జెనీవా ఒప్పందాలకు 1977లో చేర్చిన మొదటి ప్రోటోకాల్ 54వ అధికరణం చెబుతోంది. ఆకలిని యుద్ధ ఆయుధంగా వాడటాన్ని భద్రతా మండలి 2018 మేలో 2417వ తీర్మానంతో ఖండించింది. ఆ తీర్మానానికి చేతులెత్తిన దేశాలే దాత దేశాల జాబితాలో ఉన్నాయి. కాబట్టి ఈ మాట అడిగే హక్కు మాకుందని అనుకుంటున్నాం.

6. జాబితాలో పేరు లేనివాళ్లు.

పట్టా చూపిస్తేనే సాయం అంటే కౌలుకు చేసేవాడికి రాదు. ఇంటి యజమాని పేరు మీదే అంటే, మగవాళ్లు పోరుకో వలసకో వెళ్లిపోయిన ఇళ్లలో సేద్యం మోస్తున్న ఆడవాళ్లకు రాదు. స్థిర చిరునామా అడిగితే సంచార కాపరికి రాదు. ఊరు విడిచి వచ్చి ఇంకొకరి నేలలో గుడిసె వేసుకున్నవాళ్లకు ఏదీ రాదు. అందరికంటే ముందు అందాల్సింది వీళ్లకే.

పని జరిగిన చోట ఎలా జరిగిందో కూడా చెప్పడం న్యాయం. 2020లో తూర్పు ఆఫ్రికా మీద మిడతల దండు పడింది. కెన్యాకు అది 70 ఏళ్లలో అతి పెద్దది. ఒక చదరపు కిలోమీటరు దండు ఒక్క రోజులో 35 వేల మంది తినేంత పచ్చదనాన్ని తినేస్తుంది. మూడు నెలల్లో ఇరవై రెట్లు పెరుగుతుంది. జనవరిలో ఎఫ్ఏఓ 7.6 కోట్ల డాలర్లు అడిగింది. కొన్ని నెలల్లోనే అవసరం 15 కోట్ల డాలర్లు దాటింది. మొదటి వారాల్లో డబ్బు నెమ్మదిగా వచ్చింది, ఆ ఆలస్యానికి పెరిగిన ఖర్చు ఇది. ఆ తర్వాత మీరు గట్టిగా ముందుకొచ్చారు, లక్షల హెక్టార్లలో దండును అణచగలిగారు, పెద్ద ఆకలి తప్పింది. అదే ఏడాది జూలైలో బంగ్లాదేశ్‌లో జమున నది వరద ఉధృతికి చేరకముందే, నదీ ప్రవాహ అంచనాల ఆధారంగా, ఐక్యరాజ్యసమితి అత్యవసర నిధి నుంచి 52 లక్షల డాలర్లు విడుదలయ్యాయి. రైతులకు పశువుల దాణా, నీరు చొరబడని డ్రమ్ములు ముందే ఇచ్చారు. ఆ డ్రమ్ముల్లో గింజలు, విత్తనాలు, పనిముట్లు పెట్టుకున్నారు. ఖరీదైన సాంకేతికత ఏదీ అక్కర్లేదు, మూత గట్టిగా బిగిసే డ్రమ్ము సమయానికి వస్తే ఒక ఇంటి వచ్చే పంట నిలబడుతుంది.

చేయగలరని మీరే చూపించారు. కాబట్టి ఈ కింది పనులు చేయమని గట్టిగా కోరుతున్నాం.

1. నిధుల క్యాలెండర్‌ను పంట క్యాలెండర్‌తో కలపండి. ప్రతి సంక్షోభ దేశానికీ విత్తే కాలానికి కనీసం మూడు నెలల ముందు సాగు సాయం డబ్బు చేతికి రావాలి. బడ్జెట్ సంవత్సరం ముగియలేదనో, ఒప్పందం మీద ఇంకో సంతకం మిగిలిందనో చెప్పి అదను పోగొట్టొద్దు.

2. ఆ 5 శాతాన్ని మూడేళ్లలో కనీసం 20 శాతానికి పెంచండి. తిండి రేషన్‌లో కోత పెట్టి కాదు. ఈ రోజు తినాల్సిన మనిషి దగ్గర తీసుకుని రేపటి పంటకు ఇవ్వమని మేం ఎప్పటికీ అడగం.

3. ముందుగా ఒప్పుకున్న గుర్తులు కనబడగానే డబ్బు దానంతటదే విడుదలయ్యేలా చేయండి. వాన లోటు, ఎండిన పచ్చిక, నది మట్టం, గింజకూ మేకకూ మధ్య ధరల తేడా, ఇవన్నీ కొలవగలిగినవే. కొలత గీత దాటాక మళ్లీ సమావేశం పెట్టాల్సిన అవసరం ఉండకూడదు. ఆ కొలతలు తీసే హెచ్చరిక వ్యవస్థల ఖర్చును ఏ ఒక్క దేశం మీదా వదలకుండా కలిసి మోయండి.

4. సంతలో మంచి విత్తనం ఉంటే రైతు చేతికి నగదో, విత్తన కూపనో ఇవ్వండి. ఉత్తర ఉగాండాలో 2000 నుంచే విత్తన సంతలు పెట్టి, కూపన్లిచ్చి, రైతునే ఎంచుకోనిచ్చారు. బయటి నుంచి తప్పనిసరిగా తేవాల్సి వస్తే, పంచే ముందు అక్కడే మొలక పరీక్ష చేయండి. ఫలితం, రకం పేరు, పంట కాలం, మందు పట్టించారా లేదా అన్నవి రైతు చదివే భాషలో సంచి మీద రాయండి. చదవలేనివాళ్లకు పంచేచోట నోటితో చెప్పండి. మొలవకపోతే అదే సీజన్‌లో మళ్లీ ఇచ్చే పూచీ ఒప్పందంలో ఉండాలి.

5. పశువులకు సాయం అవి నిలబడి ఉన్నప్పుడే చేయండి. ముందు పాలిచ్చేవాటికి, చూలువాటికి, దున్నేవాటికి మేత, నీరు. గొర్రెలు, మేకలకు పీపీఆర్ వంటి రోగాల టీకాలు మంద నీరసించకముందే పడాలి. మందను కొంత తగ్గించుకోక తప్పనప్పుడు న్యాయమైన ధరకు కొని, ఆ మాంసాన్ని అక్కడి కుటుంబాలకే పంచండి. దీనికంతటికీ అంతర్జాతీయ మార్గదర్శకాలు 2009 నుంచే పుస్తకంగా ఉన్నాయి. వాటిని అమలు చేయని ప్రాజెక్టుకు డబ్బివ్వొద్దు.

6. పట్టా అడగొద్దు. చేను ఎవరు దున్నుతున్నారో, మంద ఎవరు కాస్తున్నారో ఊరివాళ్ల సమక్షంలో తేల్చుకోండి. ఆడవాళ్ల పేర్లు విడిగా నమోదు చేయండి.

7. విత్తనం, ఎరువు, పశువుల మందు, పంపుసెట్టు విడిభాగాలను తిండితో సమానంగా మానవతా సరుకుగా గుర్తించండి. ఆంక్షలున్న చోట కూడా మానవతా సాయానికి అడ్డు ఉండకూడదని భద్రతా మండలి 2022 డిసెంబరులో 2664వ తీర్మానం చేసింది. సాగు సరుకు కూడా ఆ మినహాయింపు కిందికే వస్తుందని మీ బ్యాంకులకు, కస్టమ్స్ అధికారులకు లిఖితపూర్వకంగా చెప్పండి. పోరు జరిగే చోట విత్తే వారాల్లోనూ కోత వారాల్లోనూ పొలాలకు దారి ఇవ్వాలని రెండు పక్షాల మీదా ఒత్తిడి తేండి. పొలాల మీద, కాలువల మీద జరిగే దాడులను నమోదు చేసి, 2417 కింద భద్రతా మండలి ముందు పెట్టండి.

8. ప్రతి సాగు సాయం నివేదికలోనూ రెండు తేదీలు పక్కపక్కన ఉండాలి. ఆ ప్రాంతంలో విత్తే అదను ఎప్పుడు ముగిసింది, సాయం రైతు చేతికి ఎప్పుడు అందింది. ఎన్ని టన్నులు పంచారన్నది ఆ తర్వాతే రాయండి.

ఈ ఎనిమిదిలో చివరిది అమలు చేయడానికి కొత్త నిధులు అక్కర్లేదు, కొత్త చట్టం అక్కర్లేదు. ఆ తేదీలు ఇప్పటికే మీ దగ్గరున్నాయి. మీ తదుపరి దాతల సమావేశానికి ముందే, గత మూడేళ్లలో మీరు నిధులిచ్చిన ప్రతి విత్తన, మేత కార్యక్రమానికి ఆ రెండు తేదీలతో పట్టిక తయారుచేసి అందరూ చూసేలా బయటపెట్టండి. మిగతా ఏడు కోరికల మీద ఏది ఒప్పుకుంటారో, ఏది ఒప్పుకోరో, ఒప్పుకోకపోతే ఎందుకో కారణంతో సహా అదే సమావేశంలో బహిరంగంగా చెప్పండి.

ఇట్లు,
సేద్యం మీద బతికే కుటుంబాల తరఫున,
మీ జవాబు కోసం ఎదురుచూసే ఒక రైతు బిడ్డ